సెలెదోనియో ఊదిన ఆఖరి స్వరం

నమ్మనివాడు లేచి వెళ్లిపోవచ్చు! నువ్వు మాత్రం కదలకు సెలెదోనియో, నీ నోట్లో నా అద్దముంది.

చెప్పానా లేదా? ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము, ట్రంపెట్ జోలికి అసలే పోవద్దు అని చెప్పానా లేదా? ఆఁ, తల ఊపకు.

పళ్లు బాగుచేయించుకోడానికి సరిహద్దు దాటొచ్చే అమెరికావాళ్లు ఈ వీధిలో ఎవరి గుమ్మం ముందు బారులు తీరతారు? ఈ డాక్టర్ ఫుల్హెన్సియో గుమ్మం ముందు! పచ్చి గుడ్డు పెంకు అరగదీసి, లోపలి పొర చిరగకుండా ఉంచే చెయ్యి ఇది. కళ్లకు గంతలు కట్టుకుని చేశాను. గుర్రమెక్కి చేశాను! నవ్వకు, సూది గుచ్చుకుంటుంది.

నీ సైనస్ పొర, అదే పైదవడ మీదుండే గాలిగది పొర, ఆ గుడ్డు పొరకన్నా పలచన. దవడ పక్కన చిన్న కిటికీ కోసి, ఆ పొరని పైకెత్తి, కింద ఎముక పొడి నింపి, పన్ను కోసం ఇంప్లాంట్ బిగించాను. తట్టి చూస్తే ఖంగుమంది. "శ్రుతిలో ఉంది డాక్టరూ" అన్నది నువ్వే కదా!

ఆ పొడి గట్టి ఎముక కావాలంటే నెలలు పడుతుందిరా. నువ్వేమో మూడో వారానికే...

ఊఁ. తెలుసులే. వెన్సెస్లావ్ నీ తమ్ముడు. బతికినన్నాళ్లూ నీ పక్కన రెండో ట్రంపెట్ ఊదినవాడు. వాణ్ణి మట్టిలో పెడుతుంటే ఇంకెవడో వచ్చి ఊదాలా?

ఇదిగో, తడుతున్నాను. విన్నావా? నానిన చెక్కని కొట్టినట్టు లేదూ? వేలు పెడితే ఊగుతోంది. పొర చిరిగింది, చీము పట్టింది. తీసెయ్యాల్సిందే. కన్నం మూసి కుడతాను, నా అంత బాగా కుట్టేవాడు ఈ ఎడారిలో లేడు. కానీ నువ్వు మళ్లీ ఊదావా, ఆ కుట్టు తెగి గాలంతా ముక్కులోంచి పోతుంది.

అలా చూడకురా. గొప్పలు చెప్పడానికి నాకు నోరు బోలెడు. "మళ్లీ ఊదుతావు" అనడానికి మాత్రం రావడం లేదు.

ఆ రోజు శ్మశానం గేటు దగ్గర నేనూ ఉన్నాను. పరిగెత్తుకొచ్చి ట్రంపెట్ లాక్కోవాల్సినవాణ్ణి. ఆఖరి స్వరం ఎత్తావు చూడూ, నీ దవడలో నేను బిగించింది కదిలిన చప్పుడు అంత దూరానా నాకు వినపడింది. అయినా టోపీ తీసి నిలబడిపోయాను. చెయ్యి రాలేదు. ఏం చేస్తాం, ఆ ఒక్కసారికే మిగిలిందేమో నీ ఊపిరి.

నమ్మవా? నాకు రుమాలిచ్చినవాణ్ణి అడుగు. గోతులు తవ్వుతాడే, మకారియో.