నోటికి రాని వాక్యం

ఆ కీర్తన నాకొద్దు అయ్యగారూ. పాస్టరుగా మీరు మంచికే చెప్తాండారు, కాదనను. ముసలామెకు సులువుగా ఉంటాదని. ఆ సులువుతోనే వచ్చింది తంటా.

కూచోండి, టీ తాగండి. ఆళ్లగడ్డకు మీరు కొత్త, మా ఇంటి పద్ధతి మీకు తెల్దు. ఈ ఇంట్లో ఎవురు చదువు ముగించినా కృతజ్ఞత కూటం పెడతాం. ముందు పాసైనోళ్లు, కొత్తగా పాసైనోళ్ల కోసం వాక్యం చదవాల. మా ఇంటాయన ప్రభుదాసు టీచరు ట్రైనింగు పాసైనప్పుడు చదివేదానికి ఇంట్లో మనిషే ల్యా, అప్పటి పాస్టరు చదివినాడు. మా కొడుకు శాంసన్ డిగ్రీకి వాళ్ల నాయన చదివినాడు. రెండుతూర్లూ నేను పొయ్యి కాడ ఉంటి. కూర మాడకుండా వాక్యం వినేది గూడ ఒక విద్యే లేండి.

ఇప్పుడు శాంసన్ కూతురు షాలిని నంద్యాలలో డిగ్రీ ముగించె. ఆదివారం కూటం. పద్ధతి ప్రకారం వాళ్ల నాయన చదవాల. ఆ పిల్ల ఏమంటాదో తెలుసునా? "జేజే చదవాల. నేను పాస్ చేపించిన ఒకే ఒక మనిషి మా జేజి" అంటాది. జేజంటే అవ్వ, నేనే. కరోనా అప్పుడు కాలేజీ మూస్తే, పొద్దుపోక నాకు అక్షరాలు నేర్పింది లేండి.

శాంసన్‌కు నామోషీ. "అమ్మా, అంతమందిలో తడబడితే ఎట్ల?" అంటాడు. నీ బడిలో పిలకాయలు తడబడితే తరిమేస్తావా ఏందిరా అంటి. బడికి టైమాయెనని పోయినాడు.

నేను తడబడతానని వాని భయం. తడబడనేమోనని నా భయం.

మీరు చెప్పిన కీర్తన మా అమ్మ కలుపు తీస్తా చెప్పుకునేది. చిన్నప్పట్నుంచి నాకు నోటికొచ్చు. మొన్న పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదువుతా ఉంటే షాలిని వచ్చి అరచెయ్యి పెట్టి పేజీ మూసేసింది. నేను ఆగితినా? ఆ పిల్ల చేతి మీదనే కడాకు చదివితి. అది పడీ పడీ నవ్వె. నేనూ నవ్వితి. నవ్వినాక గుబులు పట్టుకునె.

బస్సు బోర్డూ అంతే. అహోబిలం అని చదివితినని మురిసిపోతి. ఆ పొద్దుకు వచ్చేది ఎప్పుడూ అహోబిలం బస్సే గదా. అక్షరం చెప్పిందో, అలవాటు చెప్పిందో యాడ తెలుస్తాది?

అందుకే అడుగుతాండా. బైబిల్లో ఎవురు ఎవుర్ని కన్నారో వరసగా పేర్లు ఉంటాయే, అందరూ చదవకుండా దాటేసే తావు, అది ఇయ్యండి. ఆ పేర్లు నేను ఎవురి నోటా విన్లేదు.

ఏందీ, నవ్వుతాండారు? జనం నిద్రపోతారా? పోనీండి. మీ ప్రసంగంలో పోవడం ల్యా?

పేరు తప్పు పలికితేనా? ఆ పేరు గలాయన లేచొచ్చి నన్ను అడుగుతాడా?

చూడండి, మా ఇంట్లో ముగ్గురు చదువుకున్నారని ఊరంతా చెప్పుకుంటి. షాలిని నన్ను నాలుగోదాన్ని చేస్తాండాది. నాకు చదువొచ్చిందో రాలేదో నాకే తెల్దు. రాలేదని ఆదివారం తేలితే ఆ పిల్ల ముఖం ఎట్ల చూసేది? ఆ భయం ఉండాది, దాచను. అయినా తెలుసుకోకుండా సంతోషపడేది నాకు చేతగాదు.

ఒక్కటే మనవి. నేను ఏదన్నా పేరు కాడ ఆగిపోతే మీరు అందియ్యొద్దు. మావోనికి గూడ చెప్పండి. ఎంతసేపైనా ఆగనీండి. ఆ పేరేందో నేనే కనుక్కోవాల.