దెయ్యానికి చొక్కా కుట్టిన టైలరు

ఆ టైలరు గుడ్డ కోస్తే కొలత తప్పేది కాదు. కోతలు కోస్తే మాత్రం కొలతే ఉండేది కాదు.

ఈసారి ఆయన కోతకు కారణం ఉంది. కూతురికీ కొత్తల్లుడికీ అద్దెకు ఇల్లు వెతుకుతున్నారు. రైలు పట్టాలకు అవతల, వంపు దగ్గర, గాలీ వెలుతురూ ఉన్న రెండు గదుల ఇల్లొకటి కూతురికి నచ్చింది. అల్లుడు ససేమిరా అన్నాడు. ఆ వంపు దగ్గర లాంతరు దెయ్యం తిరుగుతుందని ఊరంతా చెప్పుకుంటారు మరి. ఎప్పుడో పట్టాల మీద పోయిన లైన్‌మన్ అట. మంచు పట్టిన తెల్లవారుజామున మనిషి కనబడడు, లాంతరొక్కటే ఊగుతూ వస్తుందట. ఈ ఇల్లు వద్దంటే కూతురు ఊరి ఆ చివరికి పోవాలి. అందుకు టైలరు మనసు ఒప్పలేదు. మధ్యాహ్నం అల్లుణ్ణి పట్టాల పక్క టీ కొట్టుకు తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"దెయ్యం సంగతి నన్నడగండి అల్లుడుగారూ! ఓ చలికాలం తెల్లారకుండానే ఆ వంపు మీదుగా వస్తున్నా. ఎదురుగా లాంతరు. నేనేం పరుగెత్తలేదు. 'ఎవరయ్యా అది?' అన్నా."

"అంతేనా?" అన్నాడు పక్కనున్న సైకిల్ మెకానిక్.

"అంతే అంటే ఎలా బావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది బావురుమంది! 'ఇన్నేళ్లకు నన్ను అయ్యా అని పిలిచినవాడివి నువ్వొక్కడివే' అంది. చూస్తే పాపం, చలికి గజగజ వణుకుతోంది."

"దెయ్యానికి చలేంటి?"

"ఒంటిమీద కండ లేదుగా! గాలి ఇటు దూరి అటు పోతుంటే వెయ్యదూ? నాకు జాలేసి మెడలో టేపు తీశా. ఛాతీకి చుడితే టేపు వీపులోంచి బయటికొచ్చింది. ఇక లాభంలేదని కంటిచూపుతోనే కొలత తీసుకున్నా."

"గుడ్డెక్కడిది తమ్ముడూ?" అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"మంచుందిగా అక్కా, తానులకు తానులు! బెత్తెడు వృథా కాకుండా కత్తిరించా. దారానికి సాలెగూళ్లు, బొత్తాలకు మంచుబొట్లు. కాలరు మాత్రం కాస్త బిర్రుగా వచ్చింది, నిజం చెప్పాలిగా. అది తొడుక్కుని మురిసిపోతుండగానే, ప్యాసింజరు రైలొచ్చి ఇంజను చెడి వంపులో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దెయ్యం నన్ను భుజాలమీద ఎక్కించుకుని, లాంతరు నా చేతికిచ్చి, రైలును చంకన పెట్టుకుంది! దారిలో గేదెలు పడుకునుంటే, పాపం వాటి నిద్ర చెడకూడదని పైనుంచి దాటించాం. స్టేషన్ మాస్టరు పచ్చజెండా పైకెత్తాడా, దించేలోపు ఆయన్ని కూడా అవతలి స్టేషన్లో దించేశాం!"

"ఆయన తిరిగెలా వచ్చాడు?" అన్నాడు మెకానిక్.

"అది రైల్వే వాళ్ల గొడవ, మనకెందుకు? అసలు మాటేంటంటే, ఆ దెయ్యం నాకు మాటిచ్చింది. 'మీ అమ్మాయి అక్కడ కాపురం పెడితే, కరెంటు పోయినప్పుడల్లా గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడతా' అంది."

అల్లుడి మొహం పాలిపోయింది. "నిజంగా... గుమ్మంలోకే వస్తుందా మామయ్యగారూ?"

టైలరు నాలిక్కరుచుకున్నాడు. భయం పోగొడదామని మొదలెట్టినవాడు, దెయ్యాన్ని తెచ్చి కూతురి గడపలోనే నిలబెట్టాడు.

టీ కొట్టు అక్క గ్లాసు బోర్లించింది. "చూడు బాబూ, మీ మామ చెల్లెలి ఇల్లు ఆ వంపు దగ్గరే. పట్టాలు దాటితే వచ్చేస్తుంది. ఈయన మాత్రం మిట్టమధ్యాహ్నమైనా వంతెనెక్కి ఊరంతా చుట్టి వెళ్తాడు. ఎందుకో అడుగు."

"అది... నడక ఒంటికి మంచిదని..."

మెకానిక్ నోట్లో టీ బయటికొచ్చింది. బెంచీలన్నీ గొల్లుమన్నాయి. టైలరు తల దించుకున్నాడు. ఇల్లు పోయినట్టే అనుకున్నాడు.

కానీ అందరికన్నా గట్టిగా నవ్వింది అల్లుడే. కళ్లు తుడుచుకుంటూ, "మీకూ భయమేనా? నేనొక్కణ్ణే పిరికివాణ్ణని సిగ్గుతో చస్తున్నాను మామయ్యగారూ! పదండి, ఎండ ఉండగానే ఇద్దరం వెళ్లి ఇల్లు చూసొద్దాం. మీ అమ్మాయికి అంత నచ్చింది కదా," అన్నాడు.

ఇక తప్పేదెలా? అటూ ఇటూ చూశారు, రైలేదీ లేదు. అల్లుడు చెయ్యి చాపాడు. టైలరు దాన్ని ఉడుంపట్టు పట్టి, కళ్లు గట్టిగా మూసుకుని అడుగేశాడు. కాలికింద కంకర కరకరలాడింది.

"భయపడకండి అల్లుడుగారూ! నేనున్నాగా! చెయ్యి మాత్రం వదలకండి!"

వెనక కొట్టులోంచి మెకానిక్ కేక వినిపించింది.

"కళ్లు తెరువు బావా! పట్టాలు ఎప్పుడో దాటేశారు!"