మా అక్క కుట్టిన గొంతులు

ఎవరన్నారూ? మీ కాలేజీ సారా? పాఠం చెబుతూ అన్నాడా ఆ మాట, 'వెనకటికెవరో మతి చలించిన ఆడమనిషి బొమ్మల హాల్లోకి జొరబడి, అద్దం బద్దలుకొట్టి కళాఖండం ఎత్తుకుపోయింది' అని? నవ్వారా అందరూ? నువ్వూ నవ్వావా? ఆ సంచి అక్కడ పడేసి ఇలా కూర్చో ముందు. కాళ్లు తర్వాత కడుక్కోవచ్చు. ఆ మతి చలించినావిడ ఎవరనుకున్నావే? మా అక్క. నా తోడబుట్టింది. మీ అమ్మకి పెద్దమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది గనక నీకు తెలీదు, మీ అమ్మకేమో ఇవన్నీ చెప్పే తీరికెక్కడిదీ. అద్దం బద్దలుకొట్టిందట! మరలు విప్పింది. కత్తెర మొన పెట్టి, ఒక్కోటీ తిప్పి తిప్పి విప్పి, నా చేతిలో పెట్టింది, 'జాగ్రత్తే, కింద పడితే ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటాయి' అని. మతి చలించినవాళ్లు అలా అంటారా? నేనున్నానక్కడ. మీ సారున్నాడా? వాళ్ల నాన్నకి అప్పటికి మూతి మీద మీసమైనా మొలిచి ఉండదు.

మొదట్నుంచీ చెప్తా విను, లేకపోతే రేపు నువ్వూ తలా తోకా లేకుండా ఇంకెవరికో చెప్తావు. మా బావ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మాటలంటే చెవి కోసుకునే మనిషి. తను మాట్లాడ్డం కాదే, వినడం. సెలవొస్తే గుమ్మం ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లనందర్నీ ఆపి మాట్లాడించేవాడు. 'ఒక్కొక్కళ్ల గొంతు ఒక్కో రుచి, మరదలా' అనేవాడు నాతో. నా గొంతేం రుచి బావా అంటే, 'పచ్చి మామిడికాయ' అన్నాడు, ఏం మనిషో. అలాంటివాడి పక్కన బాయిలర్ పేలింది. అది బీటలిచ్చిందని పనివాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. 'కొన్నాళ్లు లాగండి' అన్నారు పైవాళ్లు. లాగారు. ఏమైంది? కళ్లు పోయాయి, చెవులు పోయాయి, నోరొక్కటి మిగిలింది. ఆ మేనేజరు పళ్లబుట్ట పట్టుకుని చూడ్డానికొచ్చి, 'ప్రాణం దక్కింది, అదృష్టవంతుడు' అన్నాడు. అదృష్టమట! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది నాకు. అసలు వాడి అదృష్టం, ఆ బుట్ట మా అక్క చేతికి దూరంగా పెట్టాడు.

సరే, ఏం చేస్తాం. అక్క బావ అరచేతిలో వేలితో అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. 'భోజనం' అని రాస్తే వచ్చి కూర్చునేవాడు, 'వాన' అని రాస్తే చెయ్యి బయటికి చాపేవాడు. అలా కొన్నాళ్లు గడిచింది. ఓ రోజు ఉన్నట్టుండి పెద్దగా అన్నాడు, తన గొంతు తనకి వినపడదు కదా, ఏదన్నా కేకే, 'ఒసేయ్, అక్షరాలొస్తున్నాయి గానీ మనుషులు రావట్లేదే! మా అమ్మ ఏమందో నువ్వే రాస్తావు, పక్కింటివాడు ఏమన్నాడో నువ్వే రాస్తావు. అన్నీ నీ వేలే. లోకమంతా పోయి నువ్వొక్కదానివే మిగిలినట్టుంది' అని. అక్క అప్పుడు పరదాలు కుట్టే దుకాణంలో పనిచేసేది. అక్కడ మిగిలిన పీలికలన్నీ మూట కట్టి ఇంటికి తెచ్చేది, దిండ్లలో కూరడానికి. బావ ఆ మాటన్నాక రెండ్రోజులు ఆ పీలికలే ముందేసుకుని కూర్చుంది. మూడోనాడు పక్కింటి తాళాలు బాగుచేసే ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అంటుంటే, ఈవిడ ఆయన మొహం కూడా చూడకుండా దారం ఎక్కించి టకటకా కుట్టేస్తోంది. తాళాలాయనకి నత్తి. 'క' దగ్గర ఆగిపోయేవాడు, క్క క్క క్క అని, ఆ తర్వాత మాటలన్నీ ఒక్కసారి దొర్లుకుంటూ వచ్చేసేవి. అక్క ఏం చేసిందీ, గుడ్డ మీద పక్కపక్కనే చిన్న చిన్న ముడులు వేసి, ఆ తర్వాత జారుడుబల్లలాగా పొడుగ్గా ఒక మెత్తటి పురి లాగి వదిలింది. ఆయనేం అన్నాడో అరచేతిలో రాసి, ఈ గుడ్డ రెండో చేతి కింద పెట్టింది. బావ వేళ్లు ముడుల మీద ఆగాయి. మళ్లీ వెనక్కెళ్లాయి. 'తాళాలోడా! ఇంకా "క" దగ్గరే చిక్కుకుంటున్నావటరా!' అని నవ్వాడే! బాయిలర్ పేలాక అదే మొదటి నవ్వు. నత్తి గురించి ఎవడన్నా మాటంటే కొట్లాటకెళ్లే మనిషి ఆ తాళాలాయన, గుమ్మంలోనే కూలబడి పైపంచెతో మొహం కప్పుకున్నాడు.

ఇక చూడు, మా వీధి మొత్తం గుడ్డలెక్కింది. మాటలు అరచేతిలో, గొంతు గుడ్డ మీద. గొంతు లేస్తే కుట్టు లేచేది, దిగితే దిగేది. కోపానికి గోనె, గారానికి పట్టు, దిగులుకి తడిపి ఆరేసిన పాత నూలు. నవ్వుకి పూసలు. నా నవ్వుకి ఎన్ని పూసలు పోశావే అంటే, 'నీది నవ్వా, గులకరాళ్ల లారీ బోర్లాపడ్డట్టుంటుంది, పూసలేం సరిపోతాయి, బొత్తాలు కుట్టా' అంది! చూడ్డానికి కూడా ఎంత బాగుండేవనుకున్నావు. అలలు, మెట్లు, గుట్టలు. కానీ ఆవిడ చూపు కోసం కుట్టలేదే. రంగులు ఏ పీలిక చేతికొస్తే అదే.

అక్క అత్తగారని ఒకావిడ ఉండేది. అమ్మో, ఆవిడ నోరు! రోడ్డు అవతలివాళ్లకి కూడా మా అక్క ఏ గిన్నె మాడ్చిందో తెలిసిపోయేది. కొడుక్కి అలా అయ్యాక ఇంకా పెరిగింది, దుఃఖమంతా కోడలి మీదే దింపుకునేది. 'గిన్నె అడుగంటిందే! ముక్కు మూసుకుపోయిందా నీకు! కోడలివా, నా ప్రారబ్ధానివా!' ఇదీ వరస, పొద్దున లేస్తే. ఆ తిట్టంతా అయిపోయాక, ఆయాసం తీర్చుకుని, గొంతు తగ్గించి, 'సర్లే, నువ్వు తిన్నావా?' అనేది. రోజూ అంతే, తప్పేది కాదు. మా అక్క దాన్ని ఉన్నదున్నట్టు కుట్టేసింది. తనని తిట్టిన తిట్లు, ఒక్క పోగు తగ్గించలేదు. గోనె, గరుకు తాడు, మధ్యలో ఆయాసానికి ఖాళీలు, చిట్టచివర మూల మీద ఇంతంటే ఇంత లేత పట్టుముక్క. నేనైతే ఆ తిట్లు తీసేద్దును. అక్కనడిగితే, 'ఆయనకి వాళ్లమ్మ కావాలే, మంచి అత్తగారు కాదు' అంది. ముసలావిడకి తెలిసి, 'నన్ను గోనెతో కుడతావటే, గయ్యాళిలాగా!' అని ఇంకోసారి తిట్టింది. కానీ కొడుకు దాని మీద చెయ్యి పెట్టి 'అమ్మా!' అన్న రోజు మాత్రం మాడిన గిన్నె తనే తోముకుంది. అలా ఏళ్లు గడిచాక ఆవిడ పోయింది. ఆవిడ పోయాక బావ ఆ గుడ్డ తలకింద పెట్టుకునే పడుకునేవాడు.

అదిగో అప్పుడు దిగాడమ్మా ఆ పెద్దమనిషి, బొమ్మల హాలాయన. ఎవరు చెప్పారో ఏమో, ఇస్త్రీ మడత నలక్కుండా వచ్చి కూర్చున్నాడు. 'అద్భుతం తల్లీ, ఇలాంటిది లోకంలో లేదు, చూపులేనివాళ్లూ చెవులు లేనివాళ్లూ ఎక్కడెక్కడినుంచో వస్తారు, అందరూ తాకి చూస్తారు, నెల తిరక్కుండా మీ గుడ్డ మీకు తెచ్చిస్తాను.' ఒకటే ధార. అక్క మురిసిపోయి ఆయన మాటల్ని మఖమలు గుడ్డ మీద కుట్టి బావకిచ్చింది. బావ తడిమి తడిమి, 'మెత్తగా బాగానే ఉంది గానీ, ఎక్కడా ఒక్క ముడి లేదేమే? ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాణ్ణి నమ్మకు' అన్నాడు. అంత కేకలో అన్నాడు కదా, ఆ పెద్దమనిషి మొహం చూడాలి! అయినా అక్క ఇచ్చింది. బావలాంటివాళ్లు ఇంకా ఎందరో వచ్చి తాకుతారంటే కాదనలేకపోయింది. ఆయన ఏరి ఏరి అత్తగారి గుడ్డే పట్టుకెళ్లాడు.

నెల తిరిగింది. రాలేదు. ఇంకో నెల. బావ పక్కమీద వెతుక్కునేవాడు, 'అమ్మేదే, అమ్మేదే' అని. చిన్నపిల్లాడిలాగా అడిగేవాడు, అడిగిందే అడిగేవాడు. చివరికి అక్క, 'పదవే' అంది. బావకి ఉతికిన చొక్కా తొడిగి, ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. పాలరాతి గచ్చు, గుసగుసల మనుషులు. ఆ గోడకి చూద్దుము కదా, అద్దాల పెట్టెలో మా అక్క అత్తగారు! పైన లైటు. పక్కన చెక్క మీద 'తాకరాదు'. దాని కింద 'ఆగ్రహ తరంగం' అట, చేసినవారు 'గ్రామీణ మహిళ' అట! మాకు పేర్లు లేవా? ఆవిడకి అమ్మా నాన్నా పెట్టిన పేరు లేదా? చుట్టూ జనం చేతులు వెనక్కి కట్టుకుని, తలలు వంచి, 'ఆహా, ఏం లయ, ఏం లయ' అంటున్నారు. వాళ్ల మొహం, అది గిన్నె మాడిందన్న తిట్టు! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అక్క మాత్రం వేరే చూస్తోంది. 'చివరి మాటేదీ?' అంది. పట్టుముక్క లేదు. ఆ పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. 'ఆ లేతరంగు మిగతాదానితో కలవట్లేదమ్మా, అందుకే వెనక్కి మడిచాం, పోలేదు, లోపలే ఉంది' అన్నాడు. కలవట్లేదట! మా అక్క మామూలుగానే అంది, 'అద్దం తీయండి, ఆయన ఒక్కసారి వాళ్లమ్మని వింటారు.' 'చేతి చెమటకి పాడైపోతుందమ్మా. ఇది ఇప్పుడు కళ.' 'మా అత్తగారు ఏనాడూ కళ కాదు బాబూ, నోరు. ఆ నోటికి మీరు గుడ్డ కుక్కారు' అంది. అని, కత్తెర తీసింది. కాపలావాడు వచ్చాడు, అక్క మొహం చూశాడు, ఎందుకో బావ మొహం చూశాడు, అక్కడే ఆగిపోయాడు. మరలు విప్పింది, చెప్పాగా. గుడ్డ దించి, గచ్చు మీద కూర్చున్న బావ ఒళ్లో వేసింది.

బావ వేళ్లు కదిలాయి. కదలగానే నోరూ కదిలింది. 'గిన్నె అడుగంటిందే! ముక్కు మూసుకుపోయిందా నీకు!' ఆ హాలంతా అదిరిపోయేలా, వాళ్లమ్మ గొంతుతోనే, అదే లేవడం, అదే దిగడం, ఆయాసం దగ్గర ఆగడం. గుసగుసలన్నీ నోళ్లు మూసుకున్నాయి. 'నా ప్రారబ్ధానివా!' దగ్గరకొచ్చి చెయ్యి తడుముకుంటోంది, ముందుకి ఏమీ లేదు కదా. అక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మడిచి కుట్టిన దారం పంటితో తెంపి, పట్టుముక్క ఇవతలికి తీసి, వేళ్ల కింద పెట్టింది. బావ చాలాసేపు దాన్నలాగే పట్టుకున్నాడు. అప్పుడన్నాడు, చిన్నగానే అన్నాననుకుని ఉంటాడు, 'సర్లే, నువ్వు తిన్నావా?' అని. అక్క ఆయన అరచేతిలో 'తిన్నా అత్తయ్యా' అని రాసింది. అబద్ధమే తల్లీ, పొద్దుట్నుంచీ మేమెవరం ఏం తినలేదు.

ఎత్తుకుపోయిందట. ఎవరి సొమ్ము ఎవరెత్తుకుపోయారు? గుడ్డ చంకన పెట్టుకుని అందరి ముందరా నడిచొచ్చాం, ఒక్కడూ అడ్డం రాలేదు. మర్నాడు పేపర్లో మాత్రం రాశారు, కళాఖండం ధ్వంసం అని. మీ సారు అదే చదివి ఉంటాడు. పేపర్లో ఉంటే చాలు, అదే వేదం వీళ్లకి.

ఇంటికొచ్చాక బావ ఆ మూటంతా ముందేసుకుని ఒక్కోటే తడుముతూ కూర్చున్నాడు. తాళాలాయన, వాళ్లమ్మ, నేను, వీధిలో జనం. తడిమి తడిమి, 'ఇందులో అందరూ ఉన్నారు, నువ్వేదే?' అన్నాడు. నిజమే, తనని తను కుట్టుకోలేదు అక్క. 'నా గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసే' అని నన్ను కూర్చోబెట్టుకుంది. అటు తిరిగి మాట్లాడేది, నేను చెప్పేదాన్ని, ఇక్కడ గరగర ఉందక్కా, ఇక్కడ పీలగా అయిపోతోంది, ఇక్కడ ఊపిరి అందట్లేదు అని. పరదాల దుమ్ము మింగిన గొంతు కదా. నేను చెప్పింది చెప్పినట్టే కుట్టింది. తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. బావ వెంటనే, 'మీ అమ్మ వచ్చిందా?' అన్నాడు. అక్క మొహం ఇంతైపోయింది. విప్పి మళ్లీ కుడదామక్కా, పెళ్లైనప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తుంది, అలా కుట్టేద్దాం అన్నాను. 'వద్దు' అంది. ఆయన అరచేతిలో 'నేనే' అని రాసింది.

బావ మళ్లీ మొదట్నుంచీ తడిమాడు. నెమ్మదిగా, ఒక్కో కుట్టూ. గరగర దగ్గర ఆగాడు. పీలగా అయిన చోట ఆగాడు. ఊపిరందని చోట వేలు తీయలేదు. 'ఎప్పుడు ముసలిదానివయ్యావే?' అన్నాడు. 'నాకు చెప్పనే లేదే.' అక్క ఆయన చెయ్యి తీసుకుంది. ఏదో రాద్దామని వేలు పెట్టింది. పెట్టి, ఏం రాసిందో నేను చూళ్లేదే, అటు తిరిగేశాను…

ఊఁ. తలుపెవరో కొడుతున్నట్టున్నారు, చూడు.