సున్నా మంది కొన్న ఉల్లిగడ్డలు

హలో… ఆ, నేనే సారూ, శోభారాణినే. కౌంటర్ కాడినుంచే మాట్లాడుతున్న.

…

దొంగలా? దొంగలేం పడలే సారూ. దుకాణం మంచిగనే ఉన్నది.

జర గట్టిగ మాట్లాడండి అనిల్ సారూ, ఈడ లొల్లి లొల్లి ఉన్నది… ఎవలదంటే? కస్టమర్లదే.

లేరా? ఎవలన్నరు లేరని?

…

ఓహో. మీ ఫోన్ల గట్ల చూపిస్తున్నదా. లోపల జనం సున్నా… బిల్లులు నాలుగొందల పన్నెండు. గదా మీ పరేషాను!

ఒక్క నిమిషం — పుష్పలతక్కా, ఆ సంచి ఇటు జరుపు, వెనకాలోళ్ళు ఆగిండ్రు — ఆ, చెప్పండి.

లేదు, సిస్టం ఖరాబు కాలే. మీరు చెప్పినట్టే చేస్తున్నది. తిప్పలంత గదే.

…

ఆ హైదరాబాద్ మీటింగుల మిమ్మల్ని స్టేజి మీదికి ఎప్పుడు పిలుస్తరు? పావుగంటలనా? సరె, జల్దీ చెప్తా. కని మొదటినుంచి చెప్తెనే సమజైతది.

పోయిన నెల మీరు అరల మీద గా చిన్న చిన్న కరెంటు పలకలు పెట్టిచ్చిండ్రు గదా, ధరలు చూపిచ్చేటియి. ముంగటి దర్వాజ మీద కెమెరా పెట్టిచ్చిండ్రు. అది లోపలికొచ్చే తలకాయల్ని లెక్కవెడ్తది. జనం ఎక్కువుంటే ధర ఎక్కుతది, జనం పల్చవడితె దిగుతది—

అవ్ సారూ, మీకు తెలుసు. తెచ్చిందే మీరు. ఇనండి మరి.

సోమవారం నాడు బతుకమ్మ వచ్చింది… మూడో లైన్ క్వార్టర్ల బతుకమ్మనే, మీ చిన్నప్పటిసంది మన దగ్గరనే సరుకులు కొంటది చూడుండ్రి, గామెనే. రెండు కిలోల ఉల్లిగడ్డ ఏరుకున్నది. పలక మీద కిలో ముప్పై రెండు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మెల్లగ నడుసుకుంట కౌంటర్ కాడికి వచ్చేటాళ్ళకు మొదటి షిఫ్టు ఇడిసి బొగ్గు బాయి బస్సు ఆగింది. నలభై తలకాయలు ఒక్కసారే లోపటికి. నేను బిల్లు కొడితె ముప్పై ఎనిమిది!

ఏమంటది? "నేను గాడికెల్లి గీడికి నడిచొచ్చేలోపట ఉల్లిగడ్డ ఏమన్న ఈనిందా బిడ్డా?" అన్నది.

ఏం చెప్పాలె నేను? "లేదు పెద్దమ్మా, జనం పెరిగిండ్రు" అన్న. "జనం పెరిగితె తొక్కులాట పెరగాలె, ధర ఎందుకు పెరగాలె?" అన్నది. అందరు మూగిండ్రు. రోడ్డు మీది ఆటోలోళ్ళు కూడ కొట్లాట చూద్దామని లోపటికొచ్చిండ్రు. మీ కెమెరా వాళ్ళనూ లెక్కవెట్టింది. మేం మాట్లాడుతనే ఉన్నం, పలక మీద నలభై నాలుగైంది.

…

నవ్వకండి సారూ… ఓ, దగ్గా. నీళ్ళు తాగండి.

ఏం చేస్తది? ఉల్లిగడ్డలన్నీ మళ్ళ గంపల పోసి పోయింది. ఇన్నేండ్లల్ల ఆమె మన దుకాణం నుంచి ఖాళీ సంచితోని పోయింది గదే మొదటిసారి. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి… ఉల్లిగడ్డకు కాదు సారూ.

మంగళవారం పగటీలి మళ్ళ వచ్చింది. మీరు కొత్తగ ఏయిచ్చిన నున్నటి బండల మెట్లు ఎక్కలేక కిందనే నిలబడ్డది. గోదాం కాడికెల్లి పెద్దసారు చూసిండ్రు. "ఇటు రామ్మా, బస్తాలు దించే దారి సాపుగా ఉంటుంది" అని పిలిచిండ్రు… అవ్, మీ నాన్నగారే. ఇంకెవలు పిలుస్తరు గట్ల?

ఆ వెనక దర్వాజకు కెమెరా లేదు సారూ.

…

ఆ. ఇప్పుడు సమజైంది మీకు. ఆమెకు అప్పుడే సమజైంది. పలక మీద ఇరవై నాలుగున్నది. ఆమెను చూసి ఇంకో ఐదుగురు అటునుంచే వచ్చిండ్రు. ధర కదల్లే. ఆమె బయటికి పోయి మళ్ళొచ్చింది. కదల్లే. బడి ముఖం చూడని మనిషి సారూ! ఆ సిస్టం అమ్మిన కంపెనీ ఇంజినీర్లు నెలలకొద్ది కూసొని చేసినదాన్ని, సంచి సంకల వెట్టుకొని నిలబడి పట్టుకున్నది.

ఆ మాట సాయంత్రానికి క్వార్టర్లన్ని తిరిగింది. నిన్న పాల్వంచ నుంచి వచ్చిండ్రు. ఇయ్యాల పర్ణశాల పోయే యాత్ర బస్సు ఆపి మరీ దిగిండ్రు. వాళ్ళకెవలో ఎనకనుంచే పోవాలె అని చెప్పినట్టున్నరు, గోదాం ముంగట చెప్పులిడిసి, దండం వెట్టి లోపటికొచ్చిండ్రు.

…

ముందే చెప్పాలెనా? చెప్పిన గదా! మంగళవారమే ఫోన్ చేసిన. "నీ బుర్ర వాడకు శోభమ్మా, ఏదన్నుంటే సిస్టంల కంప్లయింటు పెట్టు" అన్నరు. వాడలే. పెట్టిన. జవాబు కూడ వచ్చింది. సదువుతున్న ఇనండి: "మీ స్టోర్‌లో కస్టమర్లు ఎవరూ లేనందున మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

ఇంకోటి వచ్చింది సారూ. ఇయ్యాల పొద్దుగాల. గది కూడ సదవాల్నా?

"ప్రియమైన శోభారాణి, స్టోర్‌లో కస్టమర్ల సంఖ్య సున్నా అయినందున రేపటి నుంచి మీ సేవలు అవసరం లేదు. ఈ సందేశం మీకు నచ్చితే ఐదు స్టార్లు ఇవ్వండి."

…

మీరు పంపలేదా? నిజంగనే తెల్వదా? దానంతటదే పంపిందా…

పందొమ్మిదేండ్లు సారూ. మీరు ఈ కౌంటర్ కిందనే కూసొని ఎక్కాలు రాసుకున్నప్పటిసంది ఉన్న. మా ఇంటాయన గురవయ్య బాయిల దిగుడు బందువెట్టి మూడేండ్లాయె. ఇంటికొచ్చే జీతం నాదొక్కటే. గది సదివినంక రెండు బిల్లులు తప్పు కొట్టిన. ఈ దుకాణంల నేను తప్పు బిల్లు ఎన్నడన్న కొట్టిన్నా?

…

ఇచ్చిన. ఐదు స్టార్లు ఇచ్చిన. ఇయ్యకపోతే ఆ పేజీ మూసుకుంటలేదు.

సరె, నా ముచ్చట వదిలెయ్యండి. ఏం చెయ్యమంటరు ఇప్పుడు?

వెనక షట్టరు దించాల్నా? నాతోని కాదు. పెద్దసారు ఆ దర్వాజ నడిమిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నరు. అడగమంటరా?… పెద్దసారూ, అనిల్ సారు షట్టరు దించమంటున్నరు!… "నేను లేచాక దించమను" అంటున్నరు… ఎప్పుడు లేస్తరో చెప్పలే.

మనకు నష్టం ఏమున్నది సారూ? ఆ ఇరవై నాలుగు కూడ లాభం చూసుకొని మీరు పెట్టిన ధరనే గదా. అప్పుడు రోజుకు వంద మంది కొంటుండె. ఇప్పుడు నాలుగొందల మంది.

…

ఏందీ? బహుమతా? మన దుకాణానికా?

మళ్ళ చెప్పండి… జనం కాలు పెట్టకుండనే… జోరుగ అమ్ముడుపోతున్న… దేశంలనే మొదటి దుకాణం. గట్లని ఎవలన్నరు? సిస్టం అమ్మినోళ్ళా? వాళ్ళకు మన లెక్కలు కనవడ్డయా, సున్నా మంది, నాలుగొందల బిల్లులు… చూసి కౌగిలిచ్చుకున్నరా మిమ్మల్ని!

మరి నిజం చెప్పండి వాళ్ళకు. గోదాం దర్వాజ ముచ్చట చెప్పండి.

…

చెప్పరా?

హాలంత ఎదురుచూస్తున్నది, ఇప్పుడెట్ల చెప్తా అంటరా… మరి నా ముంగట నిలబడ్డ వీళ్ళంత ఎవలు సారూ, దయ్యాలా? దయ్యాలు ఉల్లిగడ్డలు కొంటయా?

హలో? సారూ?… పిలిచిండ్రా? స్టేజి ఎక్కుతున్నరా?

హలో…

ఫోన్ కట్ చెయ్యలే. జేబుల ఏసుకున్నడు.

ష్! జర గమ్మునుండండి అందరు. సారు మాట్లాడుతుండు… హైదరాబాద్‌ల, మన దుకాణం గురించి… అంత ఇంగ్లీషే… ఆ, "నో కస్టమర్స్" అన్నడు. చప్పట్లు. "నో క్యూ" అన్నడు. చప్పట్లు… ఈ లైన్ల మీరు ఎంతసేపటిసంది నిలబడ్డరక్కా? అరగంట. ఊఁ. గదే.

పెద్ద తెర మీద మన లెక్కలు చూపిస్తున్నరట, ఇప్పటికిప్పుడే. సున్నా అని పెద్దగ కనవడుతున్నదంట.

ఏమన్నడు?… "నో స్టాఫ్ నీడెడ్."

గది సమజైంది నాకు.

…

పుష్పలతక్కా, నీ బిల్లయిందా? ఒక్క పని చెయ్యి. సంచి పట్టుకొని బయటికి పోయి, ముంగటి దర్వాజకెల్లి మళ్ళ లోపటికి రా. ఊకెనే. బతుకమ్మ పెద్దమ్మా, నువ్వు కూడ. మెట్ల కాడ పుష్పలతక్క భుజం పట్టుకో. బిల్లయినోళ్ళందరు పోండి. కానోళ్ళు గాడనే ఉండండి, మీ బిల్లులు పాత ధరకే చేత్తోని రాసిస్త, అయినంక పోదురు. తలకాయలు పైకెత్తి రాండి, కెమెరాకు మంచిగ కనవడాలె.

…ఆగిండు. మాట ఆపిండు.

ఎవలో తెర మీది లెక్క చదువుతున్నరు మైకుల… ఏడు… పంతొమ్మిది… ముప్పై నాలుగు… రాండి రాండి, ఆగకండి… యాభై రెండు. సారు దగ్గుతుండు. నిజంగనే దగ్గు.

అరే, ఇంకెవలో మైకు గుంజుకున్నరు. కంపెనీ ఆయన అనుకుంటా, తెలుగుల మాట్లాడుతుండు… "ఇది మా సరికొత్త టెక్నాలజీ… మనుషులు… వాళ్ళ కాళ్ళతో వాళ్ళే నడిచి… దుకాణంలోకి వచ్చే ఏర్పాటు" అంటుండు!

ఓయమ్మ! ఏం చప్పట్లు, ఏం చప్పట్లు! కుర్చీలు జరుగుతున్నయి, లేచి కొడుతున్నట్టున్నరు. బతుకమ్మ పెద్దమ్మా, నువ్వు మెట్లెక్కినందుకే ఇదంత!

…

హలో? ఆ, లైన్లనే ఉన్న సారూ. అంత విన్న.

కోపమేం లేదు. నాకెందుకు కోపం? మెడల శాలువా కప్పిండ్రా? మంచిది.

…

రేపా? పదకొండు మంది దుకాందార్లా? మన దుకాణం చూద్దామని, హైదరాబాద్ నుంచి?… మనుషులు నడుసుకుంట వచ్చే దుకాణం వాళ్ళెన్నడు చూడలేదా ఏంది?

నేనా? రేపటిసంది నా సేవలు అవసరం లేదు గదా. మీరే స్టేజి ఎక్కి చెప్తిరి. "నో స్టాఫ్"…

…

బతిమిలాడకండి సారూ, బాగుండదు. పక్కన కెమెరాలుంటయి.

వస్తా. రెండు మాటలు. ఒకటి, పొద్దుగాల పలక మీద ఏ ధర పడితె, దుకాణం మూసేదాక అదే ఉండాలె. మనిషి గంప కాడికెల్లి కౌంటర్ కాడికి నడిచొచ్చేలోపట మారొద్దు… ఏందీ? దానికి కూడ పేరు పెడ్తరా? "స్థిర ధర సాంకేతికత"… పెట్టుకోండి సారూ, ఎన్ని పేర్లన్న పెట్టుకోండి. ఉల్లిగడ్డకు వినవడదు.

రెండోది, నన్ను తీసెయ్యాలంటే మీరే నా ముఖం చూసి చెప్పాలె. మిషన్‌తోని చెప్పియ్యొద్దు.

…

సరె అన్నరా? రెండిటికీ?

ఇయ్యాల్టిసంది నేను మాట నమ్మేది పెద్దసారు విన్నంకనే. ఆయనకు చెప్పండి… పెద్దసారూ! అనిల్ బాబు లైన్ల ఉన్నడు, మీతోని మాట్లాడాలంట!

…

చేతులు ఖాళీ లేవంట సారూ. ఉల్లిగడ్డలు తూకమేస్తున్నరు… లేదు, మధ్యల రారంట. "వరసలో రమ్మను" అంటున్నరు. మీ ముంగట ఆరుగురున్నరు.

పెట్టెయ్యకండి, ఉండండి. ఫోన్ కౌంటర్ మీద పెడుతున్న… ఆ, తర్వాత ఎవలమ్మా? రా, సంచి ఇటియ్యి.