సగం ఎత్తిన షట్టరు

నగర్తపేటలో ఆ బొత్తాల అంగడి షట్టరు వారం నుంచి సగమే లేస్తోంది. బడికి పోయే మనవరాలు పొద్దున్నే తాత ముందర వచ్చి నిలబడింది.

"తాతా, ఈ పొద్దు పిచ్చుకల దినమంట. ప్రేయర్‌లో నేనొక వింత చెప్పల్ల. ఫోన్లో చూసింది వద్దని మిస్సు చెప్పింది."

"పిచ్చుక గింజలు తింటాది గానీ, పిల్లలకు మాత్రం పురుగులే తెచ్చి పెడతాది. అది చెప్పు."

"నువ్వు చూసినావా?"

"పోయినేడాది దినామూ చూసినా."

"యాడ?"

తాత డబ్బాలు తుడవసాగాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"యాడ తాతా?"

ఈ పిల్లకు చెప్పేస్తేనే నయమనిపించింది ఆయనకు. వేలు పైకి చూపించాడు. షట్టరు చుట్టుకునే పెట్టె మూలనుంచి గడ్డిపోచలు వేలాడుతున్నాయి.

"మళ్ళీ అక్కడే గుడ్లు పెట్టింది. షట్టరు పూర్తిగా ఎత్తితే చుట్ట లావయి గూడు నలిగిపోతాది."

"అయితే షట్టరు చెడిపోలేదా? నాన్న మధ్యాన్నం రిపేరు మనిషిని రమ్మన్నాడే!"

"అదేనమ్మా నా దిగులు. వచ్చేవాళ్ళందరూ నడుము వంచల్ల అని మీ నాయన ఒకటే గొణుగుడు. నేను చెప్తే వినడు."

ఆ పిల్ల తాత ఫోను అందుకుంది.

"నాన్నా, రిపేరు మనిషిని ఇంకో నెల రావద్దని చెప్పు. అంగట్లో బాలింత ఉండాది."

షట్టరు తన తలకు జానెడు పైనే ఉన్నా, నడుము బాగా వంచి బయటికి నడిచింది.