సున్నం తిన్న వేళ్ళు

మెక్సికోలో పుయెబ్లా దగ్గర ఓ చిన్న పన్నుల ఆఫీసులో, మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు అమ్మే పెద్దామె డిజిటల్ సంతకం సర్టిఫికెట్ కోసం నాలుగోసారి గాజుపలక మీద వేలు పెట్టింది. కౌంటర్ వెనక కూర్చున్నవాడికి ఆరేళ్ళుగా పొద్దుటి తిండి ఆమె బుట్టలోదే.

“గట్టిగా నొక్కండి దోన్యా సెనాయిదా. మిషన్‌కి ఏమీ కనపడటం లేదు.”

“ఏం కనపడుతుంది నాయనా? నలభై ఏళ్ళుగా మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో నానేసి కడిగిన చేతులు. గీతలన్నీ సున్నం తినేసింది.”

“వేలిముద్ర పడందే సర్టిఫికెట్ రాదు మరి.”

“రాకపోతే?”

“ఎలక్ట్రానిక్ బిల్లు మీద మీ సంతకం పడదు. బిల్లు లేకుండా రేపు కొవ్వొత్తుల పండక్కి ఆఫీసు మీ తమాలెలు కొనదు.”

“బిల్లు నేనడిగానా? రెండొందలు చేసి తెమ్మన్నదీ మీరే, బిల్లుండాలన్నదీ మీరే, ఇప్పుడు నేను నేనో కాదో తెలియదంటున్నదీ మీరేనా?”

“నాకు తెలుసండీ. మిషన్‌కి తెలియాలి కదా. మీ పేరు మీద ఇంకెవరూ సంతకం పెట్టకూడదనే ఇదంతా.”

“మొన్న నాకు జ్వరమొచ్చి, మా అమ్మాయి చేసినవి పంపితే ఏమన్నావు?”

అతను గాజుపలకని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

“ఒక్క ముక్క కొరికి, ఇవి ఆవిడ చేతివి కావని వెనక్కి పంపించావు.”

ఆమె బుట్ట మీది గుడ్డ తీసి, పొగలు కక్కుతున్న తమాలె ఒకటి ఆ గాజుపలక మీద పెట్టింది.

“ఇదిగో. దాన్నీ ఓ ముక్క కొరికి చూడమను.”