ఎర్రగీత

అనంతపురం షోరూములో ఉరవకొండ రైతు ఒకాయన కొత్త జీపు బానెట్ మీది ఎర్రగీతను వేలితో తడుముతున్నాడు. పక్కన సేల్స్‌మన్ నిలబడి ఉన్నాడు.

“పోయినసారి ఈ గీత లేదు కదప్పా.”

“ఇది స్పోర్ట్ మోడలన్నా. మూడు లక్షలు ఎక్కువ.”

“ఇంజను మారిందా?”

“ఇంజను అదే. గీత, పేరు, సీటు కవర్లు మారినాయి.”

“గీత లేనిదే ఇయ్యి.”

“దాన్ని ఆపేసినారన్నా.”

“మొదట పదకొండు లక్షలంటిరి. రెండెకరాలు అమ్ముకోని వస్తే పద్నాలుగంటిరి. ఇంకో అర్ధెకరా అమ్మితి. ఇప్పుడు పదిహేడంటాండావు.”

“రేటు మా చేతిలో లేదన్నా. అయినా నీకు ఈ జీపే ఎందుకు? ఈ దుడ్లకు మంచి కారొస్తాది.”

“కారు వంకలో దిగదప్పా. మా చేనికి దావ లేదు, రాళ్లమీదే పోవల్ల. మోకాళ్లు పోయినాయి, నడ్సలేను.”

“ఇంకెంత మిగిలిందన్నా చేను?”

“అర్ధెకరా ఉండ్య. ఈసారి ఇంకా పెంచింటారని దాన్నీ నిన్ననే అమ్మేస్తి.”

“మరి జీపులో యాడికి పోతావన్నా?”

ఆయన గీత మీది నుంచి వేలు తీశాడు.

“రంగులు ఏమేం ఉండాయప్పా?”